చెప్పుల వరస

గుమ్మం ముందు చెప్పులు చూడగానే సుందరరాజుకు కడుపు మండిపోయింది. తిరుపతిలోని ఆ హాలు వరండా పొడుగునా వరసగా ఎన్ని జతలో. హవాయి చెప్పులు, తెగితే పిన్నీసు పెట్టుకున్నవి, చంటిపిల్లల బుల్లి చెప్పులు. లోహిత బొమ్మలు చూడటానికి ఇంత జనమా?

పోయిన వారం ఇదే హాలులో తన బొమ్మలు పెడితే జనమంటూ వచ్చింది బామ్మర్ది, వాణ్ణి దింపడానికొచ్చిన ఆటోవాడు. తనూ లోహితా ఇద్దరిలో ఒక్కరినే బెంగుళూరు ప్రదర్శనకు తీసుకుపోతారట. ఎంచేది పలమనేరు జయంతి మేడం. తన బొమ్మలు చూసి పెదవి విప్పకుండా పోయింది. ఇవాళ లోహితవి చూడటానికి వస్తోంది. ఈ చెప్పులు ఆమె కంటబడితే తన పని అయిపోయినట్టే.

ఐరాల పక్కన లోహిత వాళ్ళ పల్లెను రోడ్డు కోసం ఖాళీ చేయించారు. ఆ ఏడుపునే ఎగతాళి బొమ్మలుగా చేసి పేరు తెచ్చుకుంటోంది పిల్ల. పోగొట్టుకోవడానికి తనకలాంటి ఊరొకటి లేకపోయిందే అని కూడా కుళ్ళుకున్నాడు సుందరరాజు.

అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరు. కాలెత్తి ఒక్క తన్ను తన్నాడు. కసి తీరక ఇంకొకటి. చెప్పులు మెట్ల మీద, మట్టిలో చెల్లాచెదురుగా పడ్డాయి. ప్రాణం కాస్త చల్లబడింది. తన కొత్త బూట్లు మాత్రం విప్పి, ఓ మూల జాగ్రత్తగా పెట్టి, ఏమీ ఎరగనట్టు లోపలికి పోయాడు.

హాలు ఖాళీ. గోడల మీద ఒక్క బొమ్మా లేదు. కుర్చీలో లోహిత ఒక్కతే కూర్చుని ఉంది.

"జనం యాడమ్మా?" అన్నాడు, సంతోషం గొంతులోకి రాకుండా ఆపుకుంటూ.

"ఎవురూ రాలేదన్నా."

"మరి బయట చెప్పులు?"

"అదే నా బొమ్మ. మా ఊరోళ్ళు వదిలేసి పోయిన చెప్పులు. 'ఊరంతా లోపలుండాది' అని పేరు పెట్టినా. పొద్దన్నుంచి సర్దతా ఉండా, ఎట్ల పెట్టినా పెండ్లింటి ముందర మాదిరే ఉండాయి."

సుందరరాజు చప్పున గుమ్మం వైపు తిరిగాడు. ఇప్పుడు బయటికి పోయి సర్దే దారి కూడా లేదు. జయంతి మేడం అప్పటికే గుమ్మంలో ఉంది. చేతిలో చంటిపిల్ల చెప్పు, కళ్ళలో నీళ్ళు.

"బెంగుళూరికి నువ్వే వస్తా ఉండావు లోహితా," అంది. "అన్నీ తన్ని పారేసి, ఆ మూల బూట్ల జత ఒక్కటి చక్కగా పెట్టినావు చూడు, ఊరు ఖాళీ చేయించినోడివే కదమ్మా అవి?"