మొగిలి సగం టికెట్

"గీయనకు సగం టికెటేందమ్మా?"

కోరుట్ల బస్సెక్కిన చెకింగ్ సారు నర్సింగానికి తిక్కలేసింది. రుక్కమ్మ పక్కన ఆమె కొడుకు మొగిలి రెండు జడలేసుకొని, మీసాలు దువ్వుకుంట కూసున్నడు.

"వేములాడ రాజన్న దేవునికి ఇంక పుట్టెంటికలియ్యలే సారు. అవి ఇచ్చేదాంక మా ఇంట్ల పసిపోరడే."

"గిన్నేండ్లు ఎందుకియ్యలే?"

"గుడికి ఎల్లినప్పుడల్లా అడవిల నక్సలైటు అన్నలు బంద్ పెడ్తిరి."

"మరి మీసాలో?"

"మీసాలు మొక్కుల లెవ్వు."

నర్సింగం కోపంగ జుర్మానా పుస్తకం తీసిండు. రుక్కమ్మ శోకం పెట్టింది. మొగిలి మాత్రం సారు దిక్కు వంగి మెల్లగ అన్నడు.

"రాయుండ్రి సారు. పెద్దోడని గూడ రాయుండ్రి."

రసీదు చేతికి రాంగనే దాన్ని తల్లి ముంగట పెట్టిండు.

"సర్కారే రాసిచ్చిందవ్వా. ఇగనన్న నాకు పిల్లను సూడు."