నలభై ఒకటో నంబరు పానా

ఉర్లాలో పాత ఇనుము కొనే కబాడీ దుకాణంలో ఎలీషా ఆ పానాను తిప్పి చూశాడు. పిడి మీద 41 అని కొట్టి ఉంది.

పాత పానాలు పోగుచేయడం అతని పిచ్చి అని ఇంట్లో అనుకుంటారు. పందొమ్మిదేళ్లుగా అతను వెతికింది ఈ ఒక్కదాని కోసమే. దీన్ని దొంగిలించాడనే తోటి ఫిట్టరు కోటయ్యను మిల్లు పనిలోంచి తీసేశారు. సాక్ష్యం చెప్పింది ఎలీషా. కోటయ్య దీన్ని అమ్ముకున్నాడని తేలితే తన మనసు కుదుటపడుతుందని ఆశ.

"ఇది ఎవరమ్మారు?" అని దుకాణదారుణ్ని అడిగాడు.

"ఎవరూ అమ్మలేదు భాయ్. పాత మిల్లు పునాది పగలగొడితే కాంక్రీటులోంచి వచ్చింది."

ఎలీషా డబ్బిచ్చి పానా తీసుకున్నాడు. అప్పట్లో ఆ పునాదిలో బోల్టులు బిగించింది తనే.

సాయంత్రం దేవేంద్ర నగర్‌లో కోటయ్య తలుపు తట్టి, పానా అతని చేతిలో పెట్టాడు. "గలతీ నాదే కోటయ్యా. నేనే పునాది గుంతలో మరిచిపోయాను."

"నాకు మాలూమే," అన్నాడు కోటయ్య. "కాంక్రీటు పొయ్యకముందే చూశాను. నీకు చెబుదామని ఆఫీసుకు పరిగెత్తుకొచ్చాను. లోపల నువ్వు దొంగ అని నా పేరు చెబుతున్నావు. ఇక దాన్ని గుంతలోంచి తియ్యబుద్ధి కాలేదు."