షేకుల బిర్యానీ

"పళ్ళెం సూపియ్."

ఫోన్లో భార్య గంగాబాయి గొంతు వినగానే గజేందర్ కెమెరా తిప్పాడు. పళ్ళెంలో ఉడకబెట్టిన శనగలు, నాలుగు కీరా ముక్కలు, ఇంత ఆకుకూర, ఒక ముడి గోధుమ రొట్టె.

"జర దగ్గరికి పట్టు. శనగల కింద ఏమన్న దాసినవా?"

"శనగల కింద శనగలే ఉంటయే!"

"అయితే తిను. నేను సూస్త."

గజేందర్ రెండు శనగలు నోట్లో వేసుకుని, అమృతం దొరికినవాడిలా కళ్ళు మూసుకున్నాడు. జగిత్యాల దగ్గర పల్లెలో గంగాబాయి తృప్తిగా ఫోన్ పెట్టేసింది. దోహాలో గజేందర్ ఆ పళ్ళేన్ని దాని సొంతదారుకు అప్పగించాడు.

సొంతదారు రూమ్మేటు కామ్రాన్. కండలు పెంచే పిచ్చిలో పడి నూనెకూ, ఉప్పుకూ, చక్కెరకూ విడాకులిచ్చిన మనిషి.

"గజేందర్ భాయ్, రోజ్ దో చనే కమ్!" అని గొణిగాడు.

"రెండు శనగలకు ఏడుస్తవేందిరా" అంటూ గజేందర్ చెప్పులు తొడుక్కుని బయటపడ్డాడు. అతని అసలు భోజనం వేరేచోట ఉంది.

దీనికంతటికీ కారణం అల్ మన్సూరా క్లినిక్ డాక్టరు ఖమర్ సుల్తానా. హైదరాబాదామె. మాట సూటిగా ఉంటుంది.

"క్రేన్ నడుపుతవ్ కదా? నీ షుగర్ నీ క్రేన్ కన్నా ఎత్తుకు పోయింది. మూడు నెలల సగటు తొమ్మిది! ఏడు దాటొద్దు. ఒక్క గోలీతో పని కాదు. తెల్లన్నం, వేపుళ్ళు, తీపి బంద్ చెయ్. పప్పులు, ఆకుకూరలు, ముడి ధాన్యం తిను. రోజూ నడువు. లేకుంటే ఈ షుగర్ ఊకోదు, గుండెను గూడ పట్టుకుంటది. మూడు నెలల్ల తగ్గకుంటే ఇన్సులిన్ సూదే."

సూది! అరవై మీటర్ల ఎత్తున కూర్చుని తాపీగా చాయ్ తాగే గజేందర్ ఆ మాటకు కుర్చీలోనే రెండంగుళాలు కుంగాడు. చిన్నప్పుడు బడికి సూదులవాళ్ళు వస్తే గోడ దూకి పరుగెత్తాడట. ఆ పరుగు ఆగేసరికి ఖతర్ వచ్చిందని వాళ్ళ ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు.

అంత భయమున్నవాడు బుద్ధిగా శనగలు తినొచ్చు కదా? తినొచ్చు. నాలుక ఒప్పుకోవద్దూ!

అందుకే ఆ రోజే హనుమప్ప దగ్గరికి పోయాడు. హనుమప్పది నారాయణపేట. ఆరేళ్ళుగా గజేందర్‌కు మెస్ క్యారేజీ పంపేది ఆయనే.

"అన్నా, మా ఇంటిదానికి తెల్వకుండ రోజింత బిర్యానీ వెట్టాలె."

హనుమప్ప గరిటెతో వీపు గోక్కున్నాడు.

"రెండ్రోజులాగి రా తమ్మీ. నీకు మామూలు బిర్యానీ ఎందుకు, షేకుల బిర్యానీయే పెడ్త. అల్ షహానియాల ఒంటెల పందాలాడే షేకు వంటింట్ల నేర్సుకున్న. గింజ లావుగుంటది. నూనె చేతికంటదు. శనగలు, పుదీన దండిగ పడ్తయ్. ఒకపారి ఒక ఒంటె మెడ చాపి ఒక్క ముద్ద మింగింది. పందెంల గీత దాటినా ఆగలే. సౌదీ బార్డర్ కాడ పాస్‌పోర్ట్ అడిగితే ఆగింది."

"నిజమా అన్నా?"

"నమ్మకుంటే ఒంటెనడుగు. గని ఒక్క మాట. క్యారేజీ పంపితే మీ రూమంత తెలుస్తది. నువ్వే రావాలె. టాక్సీ ఎక్కకు, ఆకలి చస్తది. నడిచి రా, నడిచి పో."

పోనూ అరగంట, రానూ అరగంట. ఆపైన హనుమప్ప వంటింటికి నాలుగు అంతస్తులు. లిఫ్టు మాఫీ, అంటే అరబ్బీలో లేదని. బిర్యానీ కోసం మనిషి ఎన్ని కష్టాలైనా పడతాడు.

మొదట్లో నాలుగు రోజులు దవడలు నొప్పి పుట్టాయి.

"అన్నా, గింజ ఇంక ఉడకాలె."

"షేకులు గట్లనే నములుతరు."

ఆ మాటతో గజేందర్ తల పైకెత్తి, దర్జాగా నమలడం నేర్చుకున్నాడు. తీపి అడిగితే హనుమప్ప ఒకే ఒక్క ఖర్జూరం చేతిలో పెట్టేవాడు.

"రెండోది అడిగితే షేకుల పరువు పోతది తమ్మీ."

మూడు నెలలు తిరిగాయి. క్లినిక్ మెట్లెక్కుతుంటే గజేందర్‌కు తిన్న తొంభై బిర్యానీలూ వరుసకట్టి కళ్ళముందు కనిపించాయి. వాటి వెనకాల గునపమంత సూది. రిపోర్టు చూసి డాక్టరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"ఆరున్నర! బీపీ నార్మల్. ఏడు కిలోలు తగ్గినవ్. ఏం తిన్నవయ్యా?"

"మీరు చెప్పిందే, మేడం."

"సూది అక్కర లేదు. పో, ఇట్లనే తిను."

మెట్ల మీదనుంచే గంగాబాయికి ఫోన్ చేశాడు. "అంత నీ శనగల పుణ్యమే!" అన్నాడు. అటువైపు గంగాబాయి ఏడ్చిందో నవ్విందో తెలియలేదు.

సాయంత్రం రూములో ఉపన్యాసం మొదలైంది. "అరే కామ్రాన్, చనా ఛోడో, బిర్యానీ ఖావో! షుగర్‌కు బిర్యానీని మించిన మందు లేదు. డాక్టర్లు కావాలనే దాస్తున్నరు!" కామ్రాన్ పళ్ళెంలోని శనగల వంక మొదటిసారి అనుమానంగా చూశాడు.

ఈ కబురు హనుమప్పకు చెప్పొద్దూ! గజేందర్ పరుగున పోయి, ఎక్కడా ఆగకుండా నాలుగు అంతస్తులూ ఎక్కేశాడు. వంటింటి తలుపు తీసే ఉంది. హనుమప్ప డేగిశాలో బిర్యానీ కలుపుతున్నాడు. గట్టు మీద ఫోన్ స్పీకర్లో ఉంది.

"అన్నా!" అని పిలవబోయిన గజేందర్ గడపలోనే ఆగి చెవి ఒగ్గాడు.

"నీ కాళ్ళకు మొక్కుతనే అన్నా, నువ్వు అప్పుడే నాకు ఫోన్ జేసి చెప్పవట్టి మా ఆయనకు సూది తప్పింది గని, మొదటి దినం సంది నేను చెప్పినట్టు వండుతున్న ఆ బార్లీ గింజల్ని ఇంకో మూణ్ణెల్లు షేకుల బిర్యానీ అనే నమ్మియ్యి!" అంటోంది స్పీకర్లో గంగాబాయి.