ముందు నువ్వు

"ముందు నువ్వు! నువ్వు ముక్కులో కొట్టుకుంటేనే నేను." తల్లి రెండు చేతులతో ముక్కు మూసేసుకుంది.

"నాకెందుకండీ? జబ్బు..." అనబోయి కూతురు నాలుక కరుచుకుంది. మూడు నెలలుగా పొద్దున్నే ఇదే గొడవ. చంటివాడి జలుబుకని తెచ్చిన ఉప్పునీళ్ల సీసా తీసి, మంచం అంచున తల కిందికి వేలాడేసి, తన ముక్కులో కొట్టుకుంది.

"గట్టిగా ఎగపీల్చకు, గొంతులోకి జారిపోతుంది. కదలకుండా పడుకో, మందు పైకెక్కాలి." డాక్టరు మాటలు తల్లి పొల్లుపోకుండా అప్పజెప్పింది.

అప్పుడు గానీ తానూ పక్కన వాలి తల వేలాడేయలేదు. కూతురు ఆమె ముక్కులో అసలు మందు కొట్టింది. ఎదురు గోడ మీద గడియారం ఇద్దరికీ తలకిందులుగా నడుస్తోంది.

మతిమరుపు మాత్రలు మెదడు గుమ్మం దాకా వెళ్లి ఆగిపోతాయట. ముక్కు పైనుంచైతే దొడ్డిదారిన లోపలికి పోవచ్చట. మూడు నెలలు చూద్దాం, గుణం కనిపించకపోతే ఆపేద్దాం అన్నాడు డాక్టరు. ఆ గడువు ఇవాళ్టితో సరి.

మొదటిరోజు "అమ్మా, ఇటు తిరుగు" అంటే, "ఎవరే నీకు అమ్మ?" అని తల్లి సీసా విసిరికొట్టింది. ఆ దెబ్బకి బెదిరిపోయి కూతురు ఆనాటి నుంచీ "ఏవండీ" లోకి దిగింది. కానీ ఆ నోట "బుజ్జీ" అన్న పిలుపు ఒక్కసారి వినాలని లోపల ప్రాణం కొట్టుకుపోతూనే ఉంది.

ఆస్పత్రిలో డాక్టరు కాగితాలు తిరగేశాడు. "మిమ్మల్ని గుర్తుపడుతున్నారా?"

కూతురు చంకలో పిల్లాణ్ణి పైకి ఎగదోసుకుంది. "ఒక్కసారైనా పేరు పెట్టి పిలవలేదండీ. అయినా ఆపకండి. ఇంకొక్క నెల... మీ కాళ్లు పట్టుకుంటాను."

"పెట్టిన గడువు అయిపోయిందమ్మా." డాక్టరు కలం తీసి, మాటవరసకి తల్లి వైపు తిరిగాడు. "మీరేమంటారు? మందు పనిచేస్తోందా?"

తల్లి కుర్చీ ముందుకు జరుపుకుని, పక్కనున్న మనిషికి వినపడకూడదన్నట్టు గొంతు తగ్గించింది.

"నాకేం, నిక్షేపంలా ఉన్నాను. మా బుజ్జికే పట్టడం లేదు డాక్టరుగారూ. రోజూ దగ్గరుండి ముందు దానికే కొట్టిస్తున్నా, ఇంతవరకూ నన్ను అమ్మా అని పిలవడం లేదు."