బియ్యం డబ్బాలో ఫ్యూజు

చిట్టినాన్నా,

నీ కారు అమ్మేద్దామని మీ నాన్న కొనేవాళ్ళని తీసుకొచ్చారు. తాళం ఎంత తిప్పినా స్టార్టు కాలేదు.

"ఫ్యూజు లేదండీ. దొంగెవడో పీకేశాడు," అన్నాడు మెకానిక్.

"దొంగల భయంతో మావాడే రోజూ పీకి దాచేవాడు. ఎక్కడో చెప్పకుండానే పోయాడు, వెధవ," అని మీ నాన్న గోడవైపు తిరిగారు.

నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను.

రేపు కొత్తది తెచ్చి వేస్తారట. వేసుకోనీ. కారు పోతే పోనీ. నీది నా బియ్యం డబ్బాలోనే ఉంది. ఇంటికి రాగానే అందులో పడేసి "అమ్మా, ఆకలి!" అనేవాడివి. ఇప్పటికీ బియ్యం తీస్తుంటే చేతికి తగులుతుంది. అది డబ్బాలో ఉందంటే నువ్వు ఇంట్లో ఉన్నట్టే కదా.

నీ గ్లాసుడు బియ్యం కూడా ఎసట్లో పోశాను. కడుపునిండా తిను.