షూర్డ్ పడవ

"అటొద్దు వదినా! అది ఉత్త మురుగు కాలవ. ఎలుకలు కూడా ముక్కు మూసుకుని పోతాయి," అంటూ డౌవె తెడ్డు వేయడం ఆపేశాడు.

"ఊళ్లో కాలవలన్నీ వెతికాం. మిగిలింది ఇదొక్కటే. నీకు ఓపిక లేకపోతే ఆ తెడ్డు ఇటివ్వు," అంది ఫెమ్కె.

నిరుడు చలికాలంలో పడవతో సహా మాయమైన మొగుడు షూర్డ్‌కి కనీసం సమాధి అయినా కట్టించాలని ఆమె పంతం. శవం దొరకనిదే తనివితీరా ఏడవడానికి కూడా లేకపోయింది. మరిది మాత్రం ఈ కాలవ పేరెత్తితే చాలు, ఏదో వంక పెడుతున్నాడు. అన్నని ఆ స్థితిలో చూడలేడు కాబోలు పిచ్చివాడు, అనుకుంది.

లేవార్డెన్ ఊరి చివర, మూతబడ్డ పాల ఫ్యాక్టరీ వెనక, దిక్కులేని పడవలన్నీ ఆ కాలవలోనే చేరాయి. వారంగా పట్టిన ముసురు ఆ పొద్దునే తెరిపిచ్చింది. కొన్ని పడవలు అంచుదాకా నిండి ఉన్నాయి. కొన్ని ముక్కు మాత్రం పైకెత్తి మునిగిపోయాయి.

రెల్లు చాటున షూర్డ్ ఆకుపచ్చ పడవ కనిపించేసరికి ఫెమ్కె తెడ్డు లాక్కుని అటు తిప్పింది. దాని అంచు పట్టుకుని భోరుమంది.

"ఇక్కడా పోయావయ్యా! పిలిస్తే పలికేంత దూరంలో ఉండి!"

"ఊరుకో వదినా. పోలీసులకి నేను చెబుతాగా. పద పోదాం," అన్నాడు డౌవె తల దించుకుని.

"ఉండు. ఆయన కూర్చున్న చోట ఒక్క క్షణం కూర్చోనీ."

అందులోకి దిగి బల్ల మీద కూలబడింది. కళ్లు తుడుచుకుంటూ కిందికి చూసింది. బూట్లు తడవలేదు.

పక్క పడవలో కప్ప ఈదుతోంది. ఇందులో గరిటెడు నీళ్లు లేవు. ఆ ఊరి మగాళ్ల సంగతి ఆమెకు తెలియనిదా? ఇంటి పైకప్పు కారుతున్నా పట్టదు గానీ, వాన వెలిశాక పడవలో నీళ్లు తోడందే కాఫీ ముట్టరు. షూర్డ్ అయితే మరీనూ. పెళ్లి రోజున కూడా తోడిపోసే చర్చికి వచ్చాడు.

ఏడుపు ఆపి మరిది వైపు తిరిగింది.

"డౌవె, ఇందులో నీళ్లు తోడుతున్నది నువ్వా?"

అవునంటే నమ్మేసేదే. కానీ డౌవె గబగబా తెడ్డు అందుకుని పడవ వెనక్కి తిప్పబోయాడు.

"ఏడాదిగా నా పక్కన కూర్చుని నాతో పాటు ఏడ్చావు కదరా!"

"అన్న ఒట్టేయించుకున్నాడు వదినా. నేనేం చెయ్యను?"

ఫెమ్కెకి ఒళ్లంతా మండిపోయింది. అంతలోనే, చచ్చాడనుకున్నవాడు బతికే ఉన్నాడన్న పాడు ఆశ కూడా ఒకటి లేచింది.

"అయితే ఇక్కడికి వస్తుంటాడన్నమాట. ఒంటరిగా, దొంగలా!"

డౌవె నీళ్లలోకి చూస్తూ గొణిగాడు.

"ఒంటరిగా కాదు వదినా... ఆవిడా వస్తుంది, పిల్లాణ్ని ఎత్తుకుని."