షేక్ బదావీ సాక్ష్యం

శుక్రవారం నమాజు ముగించి బయటికి వస్తున్న ఇమాం షేక్ బదావీకి ఒక బక్కపలచని మనిషి ఎదురొచ్చాడు.

పేరు స్వాలేహ్. ఈమధ్యే జైలు నుంచి వచ్చాడు. కెన్యా తీరంలోని ఆ మలిండి ఊరి బజారులో మత్తుమందుకు అలవాటుపడ్డ కుర్రాళ్లకు చాయ్, మహమ్రీ బూరెలు పెట్టి, రోగాలు అంటకుండా పాత సూదులు తీసుకుని కొత్తవి ఇస్తుంటాడు.

"షేక్‌గారూ, రేపు మత్తుమందుల చట్టం గురించి జనాన్ని అడగడానికి నైరోబీ నుంచి సర్కారు కమిటీ వస్తోందట. మత్తుకు లోబడ్డవాణ్ణి జైలుకు కాదు, ఆస్పత్రికి పంపమని మీరొక్క మాట చెప్పాలి."

"నీకూ ఉందా ఆ రోగం?"

"ఉండేదండీ. మానేశాను."

"సూదులు పంచేవాడివి, మసీదు గడపలో నాకు నీతులా? అది హరాం."

"హరామే. కానీ అల్లా దయామయుడు కదండీ! జైల్లో వైద్యం ఉండదు. కళ్లారా చూశాను. మీ అబ్బాయి నబ్హాన్..."

"వాడి పేరెత్తకు!" ఇమాం కేకవేశాడు. "వాణ్ణి పోలీసులకు పట్టించింది నేనే. కన్నకొడుకు మీద చూపని దయ ఊరివాళ్ల మీద చూపనా?"

నబ్హాన్ జైల్లోనే చనిపోయి ఏడాది దాటింది.

"ఒక్క నిమిషం, షేక్‌గారూ..."

"సూదుల బేరమైతే దర్జీ కొట్టుకు పోరా!" వెనకున్న నమాజీల్లో ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. అతణ్ణి మెట్లమీది నుంచి కిందికి గెంటేశారు.

మర్నాడు కమిటీ ముందు ఇమాం గట్టిగానే చెప్పాడు. "శిక్ష తగ్గించొద్దు. మత్తుమందు వాడేవాడు జైల్లోనే ఉండాలి."

ఆ వారంలోనే, సంచిలో సూదులున్నాయని పోలీసులు స్వాలేహ్‌ను పట్టుకెళ్లారు.

వానలు మొదలయ్యాక జైలు నుంచి కబురొచ్చింది. స్వాలేహ్ ఆయాసంతో పోయాడు. నా అన్నవాళ్లు లేరు. పూడ్చేముందు జనాజా నమాజు చదవడానికి ఎవరైనా రావాలి.

ఇమాం వెళ్లాడు.

శవం పక్కన కరీసా అనే పాత ఖైదీ వెక్కివెక్కి ఏడుస్తున్నాడు.

"నీకేమవుతాడు?"

"ఏమీ కాడండీ. మత్తుమందు దొరక్క ఎవరి ఒళ్లు మెలితిరుగుతున్నా వాళ్ల పక్కన కూర్చునేవాడు. పోయినేడు మీ నబ్హాన్ పక్కన కూడా."

ఇమాం ఏడాదిగా ఎవరినీ అడగలేకపోయిన మాట అప్పుడు అడిగాడు.

"నా బిడ్డ... చివర్లో అల్లాను తలచుకుని కల్మా చదివాడా?"

కరీసా తలెత్తి వింతగా చూశాడు.

"స్వాలేహ్ మీకు చెప్పలేదా? బయటికెళ్లాక మీ మసీదుకు వస్తానన్నాడే!"

"నేను చెప్పనివ్వలేదు."

"నబ్హాన్ తల ఒళ్లో పెట్టుకుని, చెవిలో ఒక్కో మాటా చెప్పి కల్మా చదివించింది అతనేనండీ. 'మా నాన్నకు చెప్పు' అని అతని చెయ్యి పట్టుకునే మీ వాడు కన్నుమూశాడు."